కామా తర్వాత ఖాళీ

ఆఫీసులో అందరూ ఆమెని నత్త అనేవాళ్ళు. ఏదడిగినా ఆలోచించి ఆలోచించి చెప్పేది. అప్పటికి అడిగినవాళ్ళు అడిగిన సంగతే మర్చిపోయేవాళ్ళు. ఆ నత్తే ఇంట్లో తమ్ముడితో కలిసి ఒక ప్రోగ్రాం రాసింది. మామూలుగా టైపు చేసుకున్న రాతని వెబ్ పేజీగా మార్చిపెడుతుందది. మాటకి అటూ ఇటూ స్టార్ గుర్తు పెడితే పేజీలో ఆ మాట లావుగా కనపడుతుంది. వరస మొదట్లో చిన్న గీత పెడితే జాబితా అవుతుంది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, లోపలి కోడ్ విప్పి చూసి తప్పులు చెప్పొచ్చు. ఎక్కడెక్కడివాళ్ళో వాడేవాళ్ళు. దేనికి వాడుతున్నారో మాత్రం వీళ్ళకి తెలిసేది కాదు.

అందులో ఒక తప్పుండేది. పేరా మధ్యలో ఎంటర్ కొట్టినా, పేజీలో మాత్రం వాక్యం కలిసిపోయి సాగాలి. వరస చివర కామా ఉంటే అలా కలిసేది కాదు. కింద ఇంత ఖాళీ వదిలి తర్వాతి వరస మొదలయ్యేది. ఎందుకలా అవుతోందో తెలీక తమ్ముడు బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. చివరికి పట్టుకున్నాడు, సరిచేశాడు, కొత్త వెర్షన్ వదిలాడు. భలే చేశావంటూ మెసేజ్‌లు వచ్చాయి. వాడి కాళ్ళు నేలమీద ఆనలేదు.

వాటి మధ్య ఒకటి వేరేగా ఉంది. "కామా దగ్గర ఖాళీ పోయింది. మావాళ్ళు మాట్లాడలేకపోతున్నారు. దయచేసి మా ఖాళీ మాకిచ్చేయండి."

"ఖాళీ పోతే మాట పోవడమేంటక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఏమోరా, నాకూ బోధపడట్లేదు."

"ఎవరో ఆటపట్టిస్తున్నారు."

కింద అడ్రసు చూస్తే వీళ్ళ ఊరిదే. సెలవురోజు చూసుకుని ఇద్దరూ వెళ్ళారు.

మందుల షాపు మీద రెండు గదులు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట్లాడటం నేర్పుతారక్కడ. నోరెలా కదులుతోందో చూసుకోవడానికి గోడల నిండా అద్దాలు. ఆ మెసేజ్ పెట్టింది అక్కడి టీచరే. ఆవిడ ముందు ఒక బస్సు కండక్టర్ కూర్చునున్నాడు, పక్కన భార్య.

"చదవండి బాబాయ్," అంటూ టీచర్ టాబ్లెట్ ఆయన ముందుకి జరిపింది.

"పొద్దున్నే లేచి, కిటికీ తెరిచి, చూ... చూ..." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొహం కందిపోయింది. టాబ్లెట్‌ని అవతలికి నెట్టేశాడు.

"మొన్నటిదాకా బానే చదివేవారమ్మా," అంది భార్య. "ఏమైందో ఏమో."

"ఖాళీ కనపడితే ఆగి, ఊపిరి తీసుకుని, తర్వాతి వరసకి వెళ్ళేవారు," అంది టీచర్. "మీ ప్రోగ్రామే అలా ఇస్తోంది కదాని పాఠాలన్నీ దాన్ని నమ్ముకునే రాశా."

"అది కావాలని పెట్టింది కాదండీ. మా పొరపాటు," అన్నాడు తమ్ముడు.

"మంచి పొరపాటే చేశారు. అలాగే ఉంచాల్సింది."



తిరిగొచ్చే దార్లో తమ్ముడే ఎత్తుకున్నాడు. "తప్పుని తప్పనకపోతే ఎలా అక్కా? రేపు ఇంకొకళ్ళు వచ్చి ఇంకో తప్పు కావాలంటారు."

"ఆయన మొహం చూశావుగా?"

"చూశా. అందుకే ఏమీ తోచట్లేదు."

ఇంటికెళ్ళగానే నత్త పాత పద్ధతే తిరిగి పెట్టేసింది. మర్నాటికల్లా మిగతావాళ్ళు మీదపడ్డారు. నిన్న బాగుపడింది ఇవాళ చెడిపోయిందేంటి, మీకసలు మతి ఉందా అని. అక్కాతమ్ముళ్ళు భోజనాల బల్ల దగ్గర కంచాలు ఎండిపోయేదాకా వాదించుకున్నారు. ఆఖరికి ఖాళీని ఒక సెట్టింగ్‌గా మార్చారు. అందరికీ ఆపేసి ఉంటుంది, కావాల్సినవాళ్ళు పెట్టుకోవచ్చు. తమ్ముడే వెళ్ళి టీచర్ టాబ్లెట్‌లో పెట్టి వచ్చాడు.

కొన్ని వారాలకి టీచర్ రమ్మని ఫోన్ చేసింది. కండక్టర్ పాఠం తెరిచి మొదటి వరస చదివాడు. ఖాళీ దగ్గర ఆగి, వేలు పెట్టి చూపించాడు.

"మధ్యలో... ఈ గుంతలేంటి?"

"రెండ్రోజులుగా ఇదే గొడవండీ," అంది టీచర్. "తీసెయ్యమంటారు."

తమ్ముడు సెట్టింగ్ ఆపేశాడు. వరసలు దగ్గరికి జరిగి ఒకే పేరా అయ్యాయి. కండక్టర్ మెల్లిగా, కామా కామాకీ తడుముకుంటూ, చివరిదాకా చదివేశాడు. ఆయన భార్య నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

నత్తకి సంతోషమే గానీ లోపల ఏదో తికమక. "ఇన్నాళ్ళూ ఖాళీలుండబట్టి వచ్చిందా ఈయనకి మాట, మధ్యలో అవి పోబట్టి వచ్చిందా?" అని టీచర్‌ని అడిగింది.

"నాకు తెలిస్తే చెప్పనా అండీ? ఒక్కొక్కరికీ ఒక్కోలా తిరిగొస్తుంది మాట. పక్కగదిలో ఆవిడకి ఖాళీ లేకపోతే ఇప్పటికీ నోరు పెగలదు. ఆ సెట్టింగ్‌ని మాత్రం తీసెయ్యకండి."

ఆ సెట్టింగ్ దేనికో వాడేవాళ్ళకి చెప్పాలి కాబట్టి ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తమ్ముడు టైపు చేయడం, నత్త చెరిపెయ్యడం. మాట పోయినవాళ్ళకి పనికొస్తుందని రాద్దామంటే, కండక్టర్ వద్దన్నాడాయె. పనికిరాదని రాద్దామంటే, పక్కగదిలో ఆవిడ ఉందాయె. చివరికి, "వరస చివర కామా ఉంటే కింద ఖాళీ వదులుతుంది" అని మాత్రం రాసి, దేనికో రాయకుండానే వదిలేశారు.