నలభై రెండు ఇప్పచెట్లు

సెలవు మీద ఊరొచ్చిన ప్రేమ్‌కుమార్ తన రెజ్యూమే తెచ్చి నా రంగు డబ్బాల మీద పెట్టాడు. వాడు మా చిన్నమ్మ కొడుకు. జగదల్‌పూర్‌లో ఒక ప్రకటనల కంపెనీలో అకౌంట్ ఎగ్జిక్యూటివ్. అంటే సరుకు అమ్ముకునే కంపెనీకీ, బొమ్మలు గీసే మాలాంటివాళ్లకీ మధ్య ఫోన్లు చేసేవాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో వేలాడే కార్డు. ఇప్పుడు రాయపూర్‌లో ఇంకా పెద్ద కంపెనీకి పోతాడట.

“అన్నా, అడుగున నీ పేరు, నంబరు పెట్టిన. నా పని తెలిసినోళ్ల పేరు ఒకటి ఉండాలె. ఫోన్ వస్తే జర మంచిగ చెప్పు.”

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. అయినా భోపాలపట్నంలో తెలుగు బోర్డయినా హిందీ బోర్డయినా రాసేది నేనే. కాగితం చదివాను. మొదటి వరుసలోనే ఉంది: ‘టార్పాలిన్ ప్రచారానికి ప్రతి ఇంటి ఇప్పచెట్టునూ గోడ మీద చూపించే పద్ధతి తెచ్చి, నలభై రెండు గోడలు పూర్తిచేయించాను.’

ఆ వరుస మళ్లీ చదివాను.

ఆ గోడలు నావి. టార్పాలిన్ కంపెనీ పంపిన బొమ్మ, లారీ మీద కప్పిన టార్పాలిన్. మద్దేడ్‌లో ఆయతి అనే ఆవిడ గోడ ఇవ్వనంది. “మా ఇంట్ల లారీ ఏడుంది? మా చెట్టు వెయ్యి, ఇస్తా.” ఇక్కడ ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. ఆమె చెట్టుకు పిడుగు పడి ఒక కొమ్మ లేదు. అలాగే గీశాను. కింద నీలం టార్పాలిన్ పరిచి, పువ్వు మట్టిపాలు కాకుండా దాని మీద రాల్చాను. మర్నాడు పక్కింటివాళ్లు తమ చెట్టు వెయ్యమన్నారు. అట్లా తర్లగూడ దాకా నలభై రెండు చెట్లు, ఒకటి ఇంకోదానిలా లేదు. ఆ ఎండాకాలం దుకాణాల్లో టార్పాలిన్ మిగల్లేదు. వీడు వచ్చి ఫోటోలు తీసుకుపోయాడు.

“ఎట్లుందన్నా?”

“మంచిగనే ఉంది,” అన్నాను.

నాలుగో రోజు ఆ రాయపూర్ కంపెనీ నుంచి పూనం అనే మేడం ఫోన్ చేసింది. “ధర్మయ్యజీ, చెట్ల ఆలోచన ప్రేమ్‌కుమార్‌దేనా?” అని హిందీలో అడిగింది.

నిజం చెప్పడంలో అంత సుఖం ఉంటుందని అప్పుడే తెలిసింది. “నాది మేడం. వాడు ఫోన్లు చేయడం తప్ప ఏం చెయ్యలేదు.” ఆయతి పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“మాకు పల్లెల్లో గోడల పని చూసుకునే మనిషి కూడా కావాలి. రేపటిలోగా మీ రెజ్యూమే పంపండి,” అంది. మెయిల్ అడ్రసు చెబితే చీటీ మీద రాసుకున్నాను.

కాగితం ముందేసుకుని కూర్చున్నాను. పేరు. తండ్రి పేరు. ఏడో తరగతి. ఆ తర్వాత కలం కదల్లేదు. ఊళ్లో అందరి దుకాణాల గొప్పలూ మూరెడేసి అక్షరాలతో రాసిన చెయ్యి ఇది. రెజ్యూమే రాయడం తెలిసినవాడు నాకు ఒక్కడే తెలుసు. వాడు ఇంకా సెలవులోనే ఉన్నాడు.

“నీకేందన్నా రెజ్యూమే!” నవ్వాడు ప్రేమ్‌కుమార్. అయినా కంప్యూటర్ తెరిచాడు. “చదువు కిందికి, పని పైకి. గోండిల, దోర్లిల మాట్లాడి ఇంటోళ్లను ఒప్పిస్తవు, అది రాద్దాం. చెట్లు మొదటి వరుసల పెడ్త.”

“అది నీ కాయితంల ఉంది గదరా.”

“నేను కంపెనీతోని కొట్లాడిన గదనే! లారీ బొమ్మ లేకుంటే పని ఆపేస్తమన్నరు. రెండు రోజులు బతిమిలాడిన. నీకు చెప్తే బ్రష్ ఇసిరికొడ్తవని చెప్పలే.”

వాడి వేళ్లు చకచకా కదులుతుంటే వాటిని చూసి కూడా కుళ్లుకున్నాను.

“అడుగున ఎవరి పేరు పెట్టాలె?” నాకు ఎవరూ తోచలేదు. “సరే, నాదే పెడ్తున్న. ఫోన్ వస్తే మంచిగ చెప్తలే. ఎక్కడికి పంపాలె?”

జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాను. పూనం మేడం పేరు చూడగానే వాడి వేళ్లు ఆగిపోయాయి.

“నా గురించి ఏం చెప్పినవన్నా?”

నేను గోడ వంక చూశాను.

వాడు అడుగున తన పేరు చెరిపేశాడు. నంబరు చెరిపేశాడు. చీటీలోని అడ్రసు ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టి, నా రెజ్యూమే పంపేశాడు.