ఏడో కన్నం దగ్గర అత్తగారు

నాలుగు దాటింది, ఐదు దాటింది, ఆరో కన్నాన్ని ముక్కుతో తాకి వదిలేసింది. ఏడో దాని దగ్గర ఆగి, ఎలుక ముందుకాళ్లతో అంచును గీరడం మొదలుపెట్టింది. అడుగున కన్నాలున్న ఆ గాజుపెట్టె పక్కన నిలబడ్డ ల్యాబు ఉద్యోగిని మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. మూడు దాటినా ఇంకా గీరుతూ ఉంటే, కింద గిన్నెలో ఉన్న కఫంలో దానికి టీబీ వాసన తగిలినట్టు.

అది ఆఫ్రికా జాతి ఎలుక, సైజులో పిల్లికి ఒక పిసరు తక్కువ. ఎవరికీ కనపడని తప్పు కూడా పట్టేస్తుందని ల్యాబులో అందరూ దాన్ని అత్తగారు అంటారు. ఏడేళ్లొచ్చేసరికి మీసాలు నెరిశాయి, వెనక కాలు ఈడుస్తోంది. దాన్ని సాకే ఆమెకు యాభై ఆరు. మోకాళ్లు పట్టేశాయి, చేతుల నిండా పాత పంటిగాట్లు. ఇద్దరిలో ఎవరు ముందు రిటైరవుతారో చూద్దామని ఆమే నవ్వుతుంటుంది.

జబ్బు ముందే తేలిన కఫం దగ్గర గీరితే అరటిపండు గుజ్జు పెడతారు. తేలని దాని దగ్గర గీరితే ఏమీ పెట్టకూడదు. ఏడో కన్నం కింద ఉన్నది ఒక దర్జీ అమ్మాయిది. మైక్రోస్కోపులో చూసి ఏమీ లేదని రాసేశారు.

"ఊరికే గీరుతోందమ్మా, ముసలిదైపోయింది. రాయకండి," అన్నాడు కొత్త ఆఫీసరు. "రిపోర్టిచ్చి ఆ అమ్మాయిని పంపించెయ్యండి."

ఆమె పెట్టె తుడిచి, గిన్నెల వరుస మార్చి, అత్తగారిని మళ్లీ వదిలింది. ఈసారి ఆ గిన్నె రెండో కన్నం కింద ఉంది. అత్తగారు తిన్నగా అక్కడికే వెళ్లింది. తినడానికేమీ దొరక్కపోయినా గీరుతూనే ఉంది.

"మా ఆయనకీ ఏమీ లేదనే రాశారు సార్," అంది ఆమె. "ఆ కాగితం జేబులో ఉండగానే పోయాడు. ఈ పిల్లని నేను పంపను."

"మెమో ఇవ్వాల్సొస్తుంది."

"ఇచ్చుకోండి. సంతకం పెట్టి తీసుకుంటా."

రిజిస్టర్లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టింది. మోకాళ్లు పట్టుకుని రెండంతస్తులెక్కి, గిన్నెను టీబీని కచ్చితంగా తేల్చే పెద్ద మెషిను దగ్గర తనే ఇచ్చి వచ్చింది. దర్జీ అమ్మాయిని ఎవరూ పంపించెయ్యకుండా వరండా బల్ల మీద పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం మూడింటికి కాగితం వచ్చింది. టీబీ ఉంది. ఆఫీసరు కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టాడు.

"ఏడవకే. మందులతో పోయే జబ్బే ఇది. ఒక్క రోజు కూడా మానకు, అంతే," అని ఆమె అమ్మాయి వీపు నిమిరింది.

తర్వాత గిన్నెడు గుజ్జు కలుపుకుని, రూలునూ గీలునూ పక్కన పెట్టి బోను దగ్గరికెళ్లింది. అత్తగారు పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఎలుకల రిజిస్టర్లో చనిపోయిన కారణం అన్నచోట ఆఫీసరు 'ముసలితనం' అని రాశాడు. ఆమె అది కొట్టేసి 'డ్యూటీలో పోయింది' అని రాసి, అడ్డు చెబుతాడేమోనని తలెత్తి చూసింది. అతను దాని కింద ముద్ర వేశాడు.

బోను శుభ్రం చేస్తూ అది పడుకునే మట్టికుండను వంచితే, రంపపు పొట్టు అడుగున మూడు వేరుశనక్కాయలు ఉన్నాయి, ఒలవనివి, రేపటికని దాచుకున్నవి.