పసుపు పొట్లం

ఆస్మా పదకొండో తరగతిలో బయాలజీ తప్పింది. తప్పడమంటే ఒకటి రెండు మార్కుల్లో పోవడం కాదు, నిండా మునిగింది. జెడ్డాలోని ఇండియన్ స్కూల్లో ఊర్మిళ మేడమ్ జవాబుపత్రం చేతికిస్తూ "కామర్స్ తీసుకోమ్మా, నీకూ నాకూ ప్రశాంతంగా ఉంటుంది" అంది. ఆ స్కూల్లో కామర్స్ అనేది గ్రూపు కాదు, శిక్ష. పాత బజారు బలద్ సందుల్లో వాచీలు బాగుచేసే నాన్న మహబూబ్ సుభాని ఆ సంగతి విని "ఏదో ఒకటి చదవనీలే" అనేసి, కంటికి అద్దం బిగించుకుని మళ్లీ వాచీలో తల దూర్చాడు.

అలాంటి పిల్ల అదే తరగతి మళ్లీ చదివి, పన్నెండులో స్కూలుకే మొదటిదై, జెడ్డాలోనే ఒక మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ దాకా ఎలా వచ్చిందని అందరూ అడుగుతున్నారు. ఆస్మా చెప్పదు. చెప్పకూడదని ఒట్టు పెట్టినంత పని చేసింది వాళ్లమ్మ.

ఆ రోజుల్లో వాళ్లింటికి శుక్రవారం శుక్రవారం రిజ్వానా వచ్చేది. రాయచోటి మనిషే, వీళ్ల ఊరి పక్కనే. ఒక సౌదీ ఇంట్లో పని. సెలవు దొరికిన ఆ కాస్త సేపూ వీళ్ల సోఫా మూలన ఒదిగి కూర్చునేది. ఎడమ చేయి ఎప్పుడూ ఎదకు అదుముకునే ఉండేది. టీ తాగినా, ఓణీ సర్దుకున్నా అన్నీ కుడిచేత్తోనే. పాపం సిగ్గరి అనుకున్నారు. పోతూ పోతూ మాత్రం గడప దగ్గర ఆగేది.

"వదినా, ఒక పసుపు పొట్లం కట్టియ్యవా. ఈడి పసుపు మన పసుపు మాదిరి ఉండదు."

ఆస్మా అమ్మ హసీనా ఊరి నుంచి తెప్పించుకున్న కడప పసుపు పొట్లం కట్టి ఇచ్చేది. వారానికో పొట్లమేమిటి, ఈమె కూరలు వండుతోందా గోడలకు పూస్తోందా అని ఆస్మా వెనక నవ్వేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

ఒక రోజు పొద్దున రిజ్వానా నిద్ర లేవలేదు. ఇక్కడే ఖననం చేయడానికి ఊళ్లో ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. చనిపోయిన ఆడవాళ్లకు చివరి స్నానం చేయించే మగ్సలాలో హసీనా చాలా కాలంగా సేవ చేస్తోంది. జీతం లేదు, సవాబు కోసం, పుణ్యం కోసం. ఆ రోజు నీళ్లు పోయాల్సిన మనిషి రాలేదు. హసీనా కూతురిని వెంటబెట్టుకుని పోయింది.

ఒంటి మీద దుప్పటి కప్పే ఉంచి, దాని కింద చేయి పెట్టి కడుగుతారు. ఆస్మా చెంబుతో నీళ్లు పోస్తోంది. ఎడమ వైపు వచ్చేసరికి హసీనా చేయి ఆగింది. లోపలి నుంచి మడతలు పెట్టిన పాత గుడ్డ ఒకటి బయటికి తీసింది. పసుపుతో అట్ట కట్టి ఉంది. దుప్పటి కొంచెం జారింది. రొమ్ము ఉండాల్సిన చోట పుండు ఉంది. ఆస్మా చేతిలో చెంబు ఒరిగిపోయింది, రాతి బల్ల మీద నుంచి నీళ్లు పచ్చగా కారాయి.

"చూసినావా?" అంది హసీనా.

"చూసినా."

"ఈడ చూసింది ఈడనే ఇడిసిపెట్టి రావల్ల. మనల్ని నమ్మి ఒళ్లు అప్పజెప్పింది. ఇది అమానతు, నమ్మి దాచమనిచ్చిన సొత్తు. మీ నాయనకు గూడా చెప్పొద్దు."

జబ్బని తెలిస్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని దాచుకుంది రిజ్వానా. అంత నొప్పిని చంకలో పెట్టుకుని ఇంకొకరి ఇల్లు తుడిచింది. మధ్యాహ్నం రాయచోటి నుంచి ఆమె చెల్లెలు సాబేరా ఏడుస్తూ ఫోన్ చేసింది. మా అక్కకు ఏమైంది వదినా అంటే హసీనా "గుండె ఆగిపోయిందమ్మా" అంది. అబద్ధమేమీ కాదు. ఎవరికైనా చివరికి ఆగేది అదే.

రిజ్వానా మట్టిలో కలిసింది కానీ వీళ్లింటి నుంచి పోలేదు. ఆ తర్వాతి శుక్రవారం ఆస్మా హాల్లోకి వచ్చేసరికి సోఫా మూలన కూర్చుని ఉంది, ఎడమ చేయి ఎదకు అదుముకుని. అరవలేదు, బెదిరించలేదు. ఊరికే చూస్తోంది, ఏదో అడగడానికి మొహమాటపడే మనిషి చూసినట్టు. కళ్లు నులుముకుంటే లేదు. స్నానాలగదిలో ఎవరూ ముట్టని పసుపు వాసన. కుళాయి కట్టేశాక కూడా రాతి మీద నీళ్లు జారే చప్పుడు. ఆస్మాకు భయం వేసింది. అమ్మతో చెబుదామంటే, ఆ మాటే ఎత్తొద్దంది కదా.

భయానికి మందు వెతుక్కుంటూ ఆస్మా పుస్తకం తెరిచింది. చూసినదానికి పేరేమిటో తెలిస్తే అది తనను వదిలిపోతుందనుకుంది. స్కూలు పుస్తకంలో ఆ పేరు లేదు. ఇంకో పుస్తకం తీసింది. అది అర్థం కావాలంటే ముందు కణం అర్థం కావాలి, కణం కోసం ఇంకోటి. అలా ఒక్క పుండు వెంట పడి ఆ పిల్ల బయాలజీ మొత్తం చదివేసింది. ఊర్మిళ మేడమ్ తన బోధన మహిమే అనుకుని సంతోషించింది, అనుకోనివ్వండి.

అయితే ఆ చదువులో ఒక వాక్యం ఉంది. ఈ జబ్బు ఒకే తల్లి పిల్లల్లో మళ్లీ కనిపించవచ్చు, ముందే చూపించుకుంటే బతుకుతారు. ఆ వాక్యం దగ్గర ఆస్మా వేలు ఆగేది. రాయచోటిలో సాబేరా గుర్తొచ్చేది. వెంటనే అమ్మ మాట గుర్తొచ్చేది. పేజీ తిప్పేసేది. పేజీ తిప్పిన ప్రతిసారీ సోఫా మూల నుంచి ఆ చూపు వీపుకు తగిలేది.

ఇంటర్వ్యూ దగ్గరపడింది. మేనత్త కొడుకు అర్షద్ వచ్చి కూర్చున్నాడు. ఇంటర్వ్యూల సంగతి తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. "పాత మార్కుల గురించే మొదట అడుగుతారు. గుండె కరిగే కథ ఒకటి చెప్పల్ల. ల్యాకుంటే సీటు మీద ఆశ ఇడిసిపెట్టు" అన్నాడు. అలాంటి కథ ఆస్మా దగ్గర ఉంది. హసీనా కూరగాయలు తరుగుతున్నదల్లా తలెత్తి కూతురిని చూసింది.

అర్షద్ చెప్పినట్టే అయింది. బల్లకు అటువైపు ముగ్గురు డాక్టర్లు. మధ్యలో ఉన్న పెద్దావిడ కాగితాలు తిరగేసి అడిగింది.

"ఫెయిలైన అమ్మాయివి ఇంత మారావు. మధ్యలో ఏం జరిగింది?"

ఆస్మా నోరు తెరిచింది. ఏసీ గదిలో పసుపు వాసన గుప్పుమంది. గోడవార ఖాళీ కుర్చీలో రిజ్వానా కూర్చుని ఉంది. చెబితే సీటు వస్తుంది. ఆమె పుండు చూపించి తను డాక్టరవుతుంది. ఆస్మాకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒకరు నన్ను నమ్మారు మేడమ్. అది చెప్పలేను."

పెద్దావిడ కలం పక్కన పెట్టింది. "ఆ మనిషి బతికి ఉందా?"

"లేదు."

"నువ్వు దాచినదానితో, బతికున్నవాళ్లకు ఎవరికైనా అవసరం ఉందా?" ఆస్మా మళ్లీ ఆ కుర్చీ వైపు చూసింది. "నాకు చెప్పనక్కర్లేదులే" అంది ఆవిడ.

సీటు పోయిందనే అనుకుంది. కానీ వచ్చింది. ఒక శుక్రవారం ఫోన్‌కు మెసేజ్ వస్తే సుభాని దుకాణం మూసేసి మిఠాయితో పరుగెత్తుకొచ్చాడు. అర్షద్ అదంతా తన సలహా ఫలమేనని ఫోన్లు చేయడానికి మేడ మీదికి పోయాడు. డాక్టరు కాబోతున్న పిల్లను రిజ్వానా అదే మూల నుంచి, అదే మొహమాటంతో చూస్తోంది.

"అమ్మా, సాబేరా అత్తకు ఫోన్ చేస్తా" అంది వంటింట్లోకి పోయి. "ఆ జబ్బు చెల్లెళ్లకు గూడా వస్తాదంట."

హసీనా ముఖం మాడిపోయింది. "అమానతు పాపా అది. పోయినామె పరువు."

"నా సీటు కోసం చెప్పలేదు గదమ్మా. ఇది అత్త ప్రాణం కోసం."

హసీనా పోపుల డబ్బా అందుకుంది. కాదనలేదు. ఆస్మా అక్కడే నిలబడి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టింది. బాగుండావా అంటే బాగుండావా అనుకున్నాక అడిగేసింది.

"అత్తా, నీకు ఎదలో గడ్డ మాదిరి ఏమన్నా తగలతాందా?"

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

"నీకెట్ల తెలుసు పాపా?" అంది సాబేరా, గొంతు తగ్గించి. "ఎవురికీ చెప్పల్యా. చిన్నదేలే, కందిబేడంత. పసుపు పూస్తాండా. పూస్తే అణగతాదని అక్కే చెప్పింది."

హసీనా చేతిలో పోపుల డబ్బా ఉంది. దాన్ని గట్టు మీద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, కూతురి చేతిలో నుంచి ఫోన్ తీసుకుంది.

"సాబేరా, హసీనా వదినను. ముందు ఆ పసుపు కడుక్కో మే. మీ అక్కకు కడసారి నీళ్లు పోసింది నేనే. ఆ పొద్దు నేనేం చూసినానో చెప్తా, విను."