నీలం మూత లాంతరు

చర్చి వరండాలో వరసగా కట్టిన లాంతర్లలో చివరిదాని మూత నీలం రంగుది. దాన్ని చూసేసరికి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అది నా వంటింటి డబ్బా.

ఈ క్రిస్మస్‌కి మా కోడూరు చర్చిని ఇళ్లలో పారేసే డబ్బాలతోనే అలంకరించాలని మా కోడలు జెనిఫర్ సండే స్కూలు పిల్లలకు చెప్పింది. వారం రోజులుగా మా ఇంట్లో అదే పని. కూల్‌డ్రింక్ సీసాల అడుగులు కోసి పువ్వులు చేశారు. పెరుగు కప్పులకు మెరుపు కాగితం చుట్టి గంటలు చేశారు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలకు రంగు కాగితం అంటించి, లోపల చిన్న బల్బు పెట్టి, పిల్లకొక లాంతరు చొప్పున చేశారు. పిల్లలు పన్నెండు మంది. డబ్బాలు పదకొండే దొరికాయట. పన్నెండోది ఎక్కడి నుంచి వచ్చిందో నన్నెవరూ అడగలేదు, నాకెవరూ చెప్పలేదు.

నా వంటింట్లో ఎర్ర మూత డబ్బాలో సగ్గుబియ్యం ఉంటుంది. నీలం మూత డబ్బాలో యూరియా ఉంచాను. కరివేపాకు మొక్కకు వెయ్యమని పక్కింటి శోభనాద్రి గారు, పొలంలో చల్లగా మిగిలింది గ్లాసెడు ఇచ్చారు. రెండూ ఒకే రకం డబ్బాలు, రెండింట్లోనూ తెల్లటి పూసలే. నాకు గుర్తు మూత రంగు. అక్షరం రాని రోజుల నుంచీ నా వంటిల్లు అలాగే నడిచింది.

జెనిఫర్ స్టూలెక్కి తీగ కడుతోంది.

"ఆ డబ్బాలో ఉన్నవి ఏం చేశావమ్మా?" అన్నాను.

"సగ్గుబియ్యమేగా అత్తయ్యా. రెండిట్లో సగం సగం ఉంటే, ఒకదాంట్లోకి పోసేశాను," అంది వెనక్కి తిరగకుండానే.

పొద్దున ఎర్ర మూత తీసి, పిల్లల కోసం పాయసం కాచింది నేనే. నానబోసినప్పుడు నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా తగిలాయి. డిసెంబరు కదా అనుకున్నాను, యూరియా కరిగితే నీళ్లు అలా చల్లబడతాయని తట్టలేదు. నానాక పూసలు ఉబ్బాల్సింది పోయి తగ్గినట్టు కనిపించాయి. కళ్లజోడు మార్చుకోవాలనుకున్నాను. నానిన నీళ్లు కూడా పారబొయ్యకుండా పాలల్లో కలిపేశాను.

వెనక బల్ల మీద మా సంఘంలోని కృపాకుమారి గారు ఆ పాయసాన్నే గ్లాసుల్లో పోస్తున్నారు. పిల్లలు వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు నా మనవరాలు జెస్సీ, గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఉంది.

పరిగెత్తుకెళ్లి దాని గ్లాసు కొట్టేశాను. గిన్నె రెండు చేతులతో తోసేశాను. పాయసమంతా గచ్చు మీద పారింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు.

"ఏంటి దయామణి గారూ, మతిపోయిందా?" అన్నారు కృపాకుమారి గారు.

నేను జెస్సీ ముందు కూలబడి, తాగావా అని అడిగాను.

"రెండు గుక్కలు. ఏం బాగోలేదు నానమ్మా. నువ్వు చేశావని తాగాను," అంది.

అవనిగడ్డ ఆసుపత్రికి ఆటోలో వెళ్తుంటే జెస్సీ రెండుసార్లు వాంతి చేసుకుంది. రెండుసార్లూ నా చీర మీదే. నేను తుడుచుకోలేదు. డాక్టరుగారు సాయంత్రం దాకా ఉంచుకుని, రెండు గుక్కలే కాబట్టి ప్రమాదం లేదన్నారు. గిన్నెడూ పిల్లలు తాగి ఉంటే ఏమయ్యేదని నేను అడగబోయి ఆగిపోయాను.

జెనిఫర్ ఇంటికొచ్చాక, పిల్లని పడుకోబెట్టి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పోసింది నేనే అత్తయ్యా, తప్పు నాదే. కానీ మూడేళ్లయింది మీకు చదువొచ్చి. రోజూ బైబిల్ చదువుతారు. ఆ డబ్బా మీద ఒక్క మాట రాయలేకపోయారా?"

బైబిల్ వాక్యం చదువుకోవాలని అక్షరాలు నేర్చుకున్నాను. వంటింట్లో వాటితో పనుంటుందని ఇన్నాళ్లూ తోచనే లేదు.

ఎర్ర మూత డబ్బాలో మిగిలింది గొయ్యి తీసి పూడ్చాను. పండగ పొద్దున, చర్చికి వెళ్లే ముందు, జెస్సీ నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఒక్కో డబ్బాకీ పేరు రాయడం మొదలుపెట్టాను. ఒకదాని మీద వత్తు పక్కకు పోయింది.

మంచం మీంచి లేచొచ్చి జెస్సీ దాన్ని పట్టి పట్టి చూసింది. "ఇది ఉప్పేనా నానమ్మా?"

ఉప్పేనని నాకు తెలుసు. అయినా మూత తీసి, చిటికెడు నాలుక మీద వేసుకుని చూశాకే ఆ కాగితం అంటించాను.