ఇచ్చింది ఎవరికి?

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి మరో రెండు వందల దుప్పట్లు వచ్చి పడేసరికి, మడత బల్ల దగ్గరున్న ఆరుగురు ఆడవాళ్లకూ ప్రాణం ఉసూరుమంది. పొద్దున ఏడింటి నుంచీ నిలబడే ఉన్నారు. కూర్చుంటే చేతులు నెమ్మదిస్తాయని లాండ్రీ యజమాని నమ్మకం. కాసేపు చతికిలబడితే చాలు, పావురోజు కూలి ఎగిరిపోతుంది. మొత్తానికి ఒకే ఒక్క స్టూలు వేయించాడు మహానుభావుడు. పనిలో అందరికన్నా పాతమనిషి దానిమీద కూర్చుని మడతలు పెట్టుకోవచ్చు.

కిందటి వారం దాకా కూర్చున్న ముసలావిడ పని మానేసింది. పన్నెండేళ్లకు, ఆ మధ్యాహ్నమే, ఆ వంతు పెద్దమ్మకు వచ్చింది. అక్కడ చిన్నాపెద్దా అందరికీ ఆమె పెద్దమ్మే. పిక్కల్లో నరాలు ఉబ్బి, అడుగు తీసి అడుగు వెయ్యలేని మనిషి. ఆ స్టూలు కోసం ప్రార్థనలో ప్రభువును ఎంత విసిగించిందో ఆయనకే తెలియాలి.

తీరా కూర్చోబోతూ పక్కకు చూసింది. కొత్తగా చేరిన అమ్మాయి, ఏడో నెల కడుపుతో, బల్ల అంచు పట్టుకుని పెదవి కొరుక్కుంటోంది.

“రామ్మా, ఇలా కూర్చో.”

“వద్దు పెద్దమ్మా, నీ కాళ్లో?”

“నా కాళ్లకి అలవాటైపోయింది. లోపలున్నవాడికి కొత్త కదే!”

ఇస్త్రీ చేసే ఆవిడ పకపకా నవ్వింది. “పన్నెండేళ్లు కాచుకుని పన్నెండు నిమిషాలైనా కూర్చోలేదు. నీకేమన్నా మతిపోయిందా?”

“ప్రభువు మనకోసం ఏం దాచుకున్నాడని, నేను దాచుకోడానికి?”

సాయంత్రం దాకా కాళ్లు మంటెత్తుతూనే ఉన్నాయి. అయినా పెద్దమ్మ సంతోషం పట్టలేకపోయింది. ఇవ్వడానికంటూ తన దగ్గర ఏదైనా ఉండటం ఆమె బతుకులో అదే మొదటిసారి. కూనిరాగం తీస్తూ ఇంటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి స్టూలు లేదు.

“పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషే నిలబడగలిగితే ఇంక దాంతో పనేముంది?” అన్నాడు సూపర్‌వైజర్ తాపీగా. “అయ్యగారు తన గదిలో వేయించుకున్నారు. నీ మంచితనం విని ఎంత మెచ్చుకున్నారో తెలుసా పెద్దమ్మా!”

పెద్దమ్మ మనసారా ఇచ్చిన దాన్ని సాక్ష్యంగా వాడుకుని అందరి నోటి దగ్గర కూడు లాగేసినట్టు చేశారు. అమ్మాయి దుప్పటి అందుకుంది. పాదాలు అప్పుడే పొంగి ఉన్నాయి.

“నేనిచ్చింది ఈ పిల్లకి సార్. మీకు కాదు.”

“సరేలే, పని చూడు.”

“నిలబడగలనని మీతో ఎవరన్నారు? నావల్ల కాదు. ఏనాడూ కాలేదు.”

ఆమె బల్ల కాలు పట్టుకుని మెల్లగా తడినేల మీద కూర్చుంది. ఒడిలో దుప్పటి పెట్టుకుని మడత మొదలుపెట్టింది.

“లేస్తావా, రేపట్నించి మానేస్తావా?”

“నువ్వూ కూర్చో తల్లీ,” అంది అమ్మాయితో.

అమ్మాయి సూపర్‌వైజర్ వైపు చూసి, తల దించుకుని, నిలబడే మడతలు పెట్టసాగింది. మిగతా వాళ్లెవరూ కదల్లేదు. ఇస్త్రీ ఆవిడ కూడా నవ్వలేదు.

పెద్దమ్మ లేవలేదు.