అందించిన మాట

భీమశంకరం తెల్ల గౌను జిప్పు గడ్డం దాకా లాక్కుని, మాస్కు ముక్కు మీదికి సర్దుకున్నాడు. దేశం కాని దేశంలో, చాండ్లర్ ఊళ్లోని ఆ కంప్యూటర్ చిప్‌ల కర్మాగారంలో అతనికి అన్నిటికన్నా నచ్చేది ఈ మాస్కే. మాట పెగలక పెదవులు బిగుసుకోవడం ఎవరికీ కనబడదు. యాభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఏళ్ల తరబడి భూతద్దం కింద సిలికాన్ బిళ్లల మీద గీతలు వెతకడమే అతని పని.

తునిలో బళ్లో అందరూ నత్తి శంకరం అనేవారు. ఇక్కడి తెలుగువాళ్లు పాపం అంత మాట అనరు, మాట అందిస్తారు. అతను నోరు తెరిచేలోపే తలో ముక్కా అందించి వాక్యం పూర్తి చేసి పెడతారు. ఒకసారి ఎవరింట్లోనో పులిహోర వద్దనబోతే, వడ్డించమంటున్నాడనుకుని మళ్లీ మళ్లీ వడ్డించారు. తను అనుకోనివన్నీ అనేసి ఇంటికి రావడం అతనికి అలవాటైపోయింది.

అందించనిది జ్ఞానప్రసూన ఒక్కతే. పక్క లైనులో పనిచేస్తుంది, భర్త పోయాడు, ఒకప్పుడు తెలుగు ఎమ్మే చదివింది. క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని, అతని మాట వచ్చేదాకా, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు చెంచాతో తీరుబడిగా పెరుగన్నం తింటూ ఉంటుంది. నత్తి అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందని ఒకరోజు ఆవిడని అడిగాడు. అడగడానికే సగం భోజనం అయిపోయింది. మర్నాడు ఆవిడ జవాబు తెచ్చింది.

"డిక్షనరీలో మీనింగ్ ఉందండీ, మాట తడబడటం అని. ఎలా పుట్టిందో మాత్రం రాయలేదు. నా ఊహ చెప్పనా? ఎవరో పాపం న... న... అంటూ తన పేరు చెప్పుకోబోతుంటే, వినేవాడికి ఓపిక లేక ఆ పేరు పెట్టేసి ఉంటాడు. లోపం మీది కాదు, వాడిది."

ఆవిడంటే తనకి ఇష్టమని అతనికి ఆ రోజే తెలిసింది.

2009 వసంతంలో కంపెనీ చాలామందిని తీసేసింది. అందులో ఆవిడా ఉంది. దేశం ఆ కొసన మోరిస్‌విల్‌లో ఉండే కూతురు అనన్య ఆవిడని తన దగ్గరికి తీసుకెళ్లడానికి వచ్చింది. ఈ రోజే ప్రయాణం. వెళ్లొద్దని, తనతో ఉండిపొమ్మని అడగాలని భీమశంకరం పొద్దున్నుంచి ఆ మాటలే మాస్కు వెనక అనుకుంటున్నాడు. అక్కడ అవి ఒక్కసారి కూడా తడబడలేదు.

కంపెనీ కార్డు తిరిగి ఇచ్చేయడానికి వచ్చిన ఆవిడ, అలవాటుగా క్యాంటీన్‌లో అతని ఎదురుగా కూర్చుంది. అన్నం సగం తిన్నదో లేదో, కార్లో ఎదురుచూస్తున్న కూతురు ఫోన్ చేసింది. ఆవిడ లేచింది. అతనూ లేచాడు.

"ప్రసూన గారూ, మీరు వె... వె..."

ఆవిడ ఎప్పటిలాగే ఆగింది. ఫోను మళ్లీ మోగింది. ఒకసారి దాని వైపు చూసి, అతని చేతి మీద చెయ్యి వేసి, ప్రేమగానే అంది.

"వెళ్లాక ఫోన్ చేయమనేగా? తప్పకుండా చేస్తానండీ."

ఫోనంటే అతనికి హడలు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఆ తొందరలో మరిచిపోయింది. కాదనడానికి అతనికి ఇంకో మాట కావాలి. అది దొరక్క, అందరి దగ్గరా ఊపినట్టే తలూపాడు. మాట వచ్చేసరికి ఆవిడ తలుపు దాటి ఎండలోకి వెళ్లిపోయింది.

వెళ్లకండి, అన్నాడు భీమశంకరం ఖాళీ కుర్చీతో.

బల్ల మీద, ప్లాస్టిక్ చెంచాల పక్కన, మెతుకు అంటుకున్న ఆవిడ స్టీలు చెంచా ఉండిపోయింది.