మొప్ప ఎత్తి చూడు

బేబీరాణికి గర్వం ఎక్కువ. ఆ మాట వాళ్లుండే డైరీ ఫార్మ్ వీధంతా అంటుంది, ఆమె కూడా కాదనదు. ఇరవై ఏళ్లుగా చేపల బుట్ట ముందు కూర్చుంటోంది, ఆమె అమ్మిన చేప ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. రెండో గర్వం కూతురు చాందిని గొంతు. తెలుగు చర్చిలో ఆ పిల్ల పాట ఎత్తుకుంటే పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.

అలాంటి పిల్ల శుక్రవారం ఉదయం, ఈ ఆదివారం పాడనని మొండికేసింది. తన పాట వీడియో ఫోనులో పెడితే పదకొండు మందే మెచ్చారట. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు, "మొహం చూపించకుండా పాడు" అని రాశాడట. పదిహేడేళ్ల పిల్ల ఆ ఒక్క ముక్కకి రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. బేబీరాణికి ఒళ్లు మండింది. కానీ ఫోనులో ఉన్నవాడిని ఏ చీపురుతో కొడుతుంది?

"సర్లే, ముందు ఈ వంజరం ఫోటో తీసి సుభాష్ భయ్యాకి పంపు," అంది. సుభాష్‌ది మిడిల్ పాయింట్‌లో భోజన హోటల్. మొప్ప ఎర్రగా ఉంటే చేప తాజా అన్నట్టే; మొప్ప ఎత్తి ఫోటో పంపితే చాలు, చేప తెమ్మని కబురు వచ్చేస్తుంది.

ఈసారి ఫోను మోగింది. "దీదీ, మొప్పలు తెల్లగా పాలిపోయినాయి. బాసీ మచ్ఛీ నాకొద్దు."

తన చేప పాసిపోయిందా! బేబీరాణికి తల కొట్టేసినట్టయింది. చేపను గోనెపట్టాలో చుట్టి, కూతుర్ని లాక్కుని ఆటో ఎక్కింది. హోటల్లో బల్ల మీద పడేసి మొప్ప ఎత్తింది. మందారంలా ఎర్రగా ఉంది.

సుభాష్ నోరెళ్లబెట్టాడు. "అరే, ఫోటోలో ఇలా లేదే దీదీ!"

చాందిని తల దించుకుంది. "అమ్మా... నా మొకం తెల్లగా రావడానికి ఫోనులో ఫిల్టర్ పెట్టుకుంటాను. తియ్యడం మర్సిపోనాను."

సుభాష్ పగలబడి నవ్వి చేప తీసుకున్నాడు. బేబీరాణి నవ్వలేదు. గుమ్మం దాటాక కూతురి గడ్డం పట్టుకుంది.

"ఎర్రటి మొప్పని తెల్లగా సేసి, తాజా సేపని బాసీ సేసీసినావు. నీ మొకానికీ రోజూ అదే సేత్తన్నావేటే?"

"అందరూ తెల్లగుంటారమ్మా," అని చాందిని ఏడ్చేసింది.

"నిన్ను నా కడుపులో సేసిన దేవుడికి రంగులు తెలీవా? సూసి, బాగుందనుకున్నాకే నా సేతికిచ్చినాడు. ఆ పదకొండు మందినీ అడిగి ఇచ్చినాడేటి? గొంతు ఆయనిచ్చిందే. ఆయనకి పాడు."

ఆదివారం చాందిని లేచి నిలబడింది. పల్లవి వణికింది. చరణానికి వచ్చేసరికి కళ్లు మూసుకుని గొంతు విప్పింది, చర్చి అంతా నిండిపోయింది. గర్వం పాపమని పాస్టరుగారు చెప్పగా బేబీరాణి వినే ఉంది. అయినా ఆ పూట దేవుడికి స్తోత్రం చెబుతూనే, చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంది.

ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద చాందిని అమ్మను దగ్గరకు లాక్కుని ఫోటో తీసి, అక్కడే అందరూ చూసేలా ఫోనులో పెట్టేసింది.

"ఏదీ, మళ్లీ తెల్లగా తోమీసినావా?"

"మొప్ప ఎత్తి సూసుకో," అంటూ ఫోను అమ్మ చేతికిచ్చింది.

రెండు నల్లటి మొహాలు, ఒకే ముక్కు. బేబీరాణి గుండె ఉప్పొంగింది. ఎంతమంది మెచ్చారో ఇద్దరూ చూడలేదు. ఇంటికెళ్లాక చాందిని రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.